తాలు కాయల పొగ

కోటిరత్నం బడి గేటు తోసుకుని లోపలికి వచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. భుజాన సగం నిండిన గోతాం, నోట్లో వేపపుల్ల. ఆమె వస్తున్న సంగతి ముందు ఊరి కుక్కలకి తెలుస్తుంది, ఆ తర్వాతే మనుషులకి. ఆమె గొంతు అలాంటిది. తమ కల్లంలో నిలబడి ఆమె కేకేస్తే పక్క ఊరి కల్లంలో కూలీలు కూడా నడుం వంచుతారని ఆమె భర్త బాపయ్య నలుగురిలో చెప్పి నవ్వుతుంటాడు. ఆమె లేనప్పుడు చెబుతాడనుకోండి.

"ఏం మేస్త్రీ, ఇంకా టీలేనా? నిచ్చెన ఎక్కేది ఎండెక్కాకనా?"

వరండా మెట్ల మీద కూర్చున్న జక్రయ్య గ్లాసు కింద పెట్టి లేచాడు. మండలంలో బడుల మరమ్మతు పనులన్నీ అతని ముఠావే. ముఠా అంటే పెద్దదేం కాదు. అతనూ, అతని తమ్ముడి కొడుకు సాల్మన్, సున్నాలేసే పేరయ్య. పరీక్షల ముందు ఈ ముగ్గురూ ఊరూరా తిరిగి బల్లల కాళ్ళు బిగిస్తారు, ఊడిన తలుపులు నిలబెడతారు, తిరగని ఫ్యాన్లని తిప్పుతారు. ఈ బడిలో ఆ పనులన్నీ నిన్న సాయంత్రానికే అయిపోయాయి. మిగిలింది ఒక్కటే. అది మూడో నంబరు గది గుమ్మం పైన, సన్‌షేడ్ కింద వేలాడుతోంది.

తేనెపట్టు. చాటంత ఉంది. కొండల్లో ఉండే పెద్ద జాతి ఈగ, ఈ మధ్యే ఎక్కడినుంచో వచ్చి వాలింది. నల్లగా నిగనిగలాడుతూ, ఉండుండి చలికి వణికినట్టు ఒక్కసారి కదులుతుంది. మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.

మామూలు రోజయితే పిల్లల్ని వేపచెట్టు కిందకి తోలి పాఠం చెప్పుకునేవాళ్ళు. ఆ రోజు పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మొదలు. తొమ్మిదిన్నరకి తెలుగు పేపరు. కోటిరత్నం కూతురు లక్ష్మీదుర్గ హాల్ టికెట్ నంబరు ఆ మూడో గదిలోనే పడింది.

తేనెటీగ కుడితే ఏముంది, ఇంత సున్నం రాస్తే పోతుంది అనుకునేవాళ్ళకి నిరుడు జరిగింది చెప్పాలి. నిరుడు సరిగ్గా పరీక్షల ముందు, చేనుగట్టు మీద దుర్గని ఒక ఈగ కుట్టింది. ఒక్కటంటే ఒక్కటే. టీ తాగేంత సేపట్లో పిల్ల ముఖం వాచి కళ్ళు మూసుకుపోయాయి. గొంతు పూడుకుపోయి ఊపిరి ఈలలా వచ్చింది. ట్రాక్టరు మీద పేట ఆసుపత్రికి, అక్కడినుంచి కారు మాట్లాడుకుని గుంటూరుకి పరుగెత్తారు. "కొందరి ఒంటికి ఇది పడదమ్మా. ఈసారికి బతికింది. ఇంకోసారి కుడితే ఇక్కడిదాకా తెచ్చే వ్యవధి ఉండదు," అన్నాడు అక్కడి డాక్టరు. పిల్ల బతికింది గానీ పరీక్ష పోయింది, ఆసుపత్రి తిరుగుళ్ళలో సప్లిమెంటరీ ఫీజు గడువూ పోయింది. తరగతిలో ముందు వరసలో ఉండే పిల్ల, ఏడాదంతా ఇంట్లో కూర్చుని తనకంటే చిన్నవాళ్ళ దగ్గర నోట్సు అడిగి తెచ్చుకుని చదివింది. ఈసారి కూడా రాయకపోతే ఇక చదువు ఊసెత్తొద్దు, కాయ కోతకి రావాల్సిందేనని బాపయ్య తేల్చేశాడు. తేల్చేసి, మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకి పోయాడు.

గది మార్చమని కోటిరత్నం నిన్న హెడ్మిస్ట్రెస్ హనుమాయమ్మగారిని అడిగింది. బతిమాలింది కూడా, ఆమెకి బతిమాలడం చేతనైనంతలో. నంబర్ల వరస తన చేతిలో లేదని, ఏ గదికి పోవాలన్నా ఆ వరండా మీదుగానే పోవాలని, అందుకే పట్టు తీసేయడమే మార్గమని ఆవిడ చెప్పింది. మందు కొడితే సరి, కోటిరత్నమ్మగారింట్లో పంపుందిగా అని పేరయ్య అన్నాడు. పిల్లలు కూర్చునే చోట పురుగుమందేమిటని హనుమాయమ్మగారు కోప్పడింది. ఆ మాట కోటిరత్నం కూడా ఒప్పుకుంది. మందు విషం. విషం వద్దు.

అసలు నిన్న సాయంత్రమే పొగ పెట్టాల్సింది. చర్చిలో ఈస్టరు ముందు జరిగే శ్రమకాలపు ప్రార్థన కూటం ఉందని జక్రయ్య వెళ్ళిపోయాడు. "పొద్దున్నే మంచుకి ఈగ రెక్క విప్పలేదమ్మా. అదే మంచి వేళ," అన్నాడు వెళ్తూ. దేవుడి పేరు చెబితే కోటిరత్నం అంతటిది కూడా ఏమంటుంది?

అందుకే తెల్లారకుండానే వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. దగ్గరుండి చేయిస్తే తప్ప ఏ పనీ జరగదని ఆమెకి గట్టి నమ్మకం.

"ఆ గోతంలో ఏందమ్మా?" అన్నాడు జక్రయ్య.

"ఉండనీలే, పనికొస్తాయి," అని మూట వరండా చివర పడేసి చీర కొంగు నడుముకి చెక్కింది. "చెప్పండి, నేనేం చెయ్యాలి?"

చెయ్యడానికి చాలా ఉంది. ఈగ లోపలికి పోకుండా గదుల వెంటిలేటర్లన్నీ మూయాలి. కోటిరత్నం బల్లల మీద బల్లలు ఎక్కించి తానే పైకెక్కి, పాత గోనెపట్టాలు చుట్టలు చుట్టి ఆ కంతల్లో కుక్కింది. కిటికీ రెక్కలు దగ్గరికి లాగి తాళ్ళతో కట్టింది. పేరయ్య బోరింగు కొట్టి తొట్టి నింపాడు. అతను ఒక బిందె పట్టుకొచ్చేలోగా ఆమె రెండు తెచ్చింది. "మా ముఠాలో చేరిపోరాదా అమ్మా?" అన్నాడు పేరయ్య. "చేరితే మీరు బతకలేర్రా," అంది. అది నిజమేనని ముగ్గురికీ తెలుసు కాబట్టి ఎవరూ నవ్వలేదు.

పట్టుకి సూటిగా కింద రెండు బల్లలు ఒకదానిమీదొకటి పెట్టి, వాటిపైన మట్టి మోసే ఇనప గమేళా పెట్టారు. గమేళాలో తడిగడ్డి, పచ్చి వేపాకు వేసి అడుగున నిప్పు రాజేశారు. సాల్మన్ ఒళ్ళంతా దుప్పటి చుట్టుకుని, గెడకి కొడవలి కట్టుకుని నిచ్చెన ఎక్కి ఓ పక్కగా నిలబడ్డాడు. పొగ తగిలి ఈగలు పలచబడ్డాక పట్టు మొదలు కోసి తడిగోతంలోకి దించాలి. జక్రయ్య కింద గోతాం పట్టుకుని నిలబడ్డాడు. పట్టులోంచి వచ్చే రొద ఒక్కటే వినిపిస్తోంది.

పొగ మెల్లగా లేచింది. తెల్లగా, బద్ధకంగా పైకెళ్ళి పట్టుని తాకింది. పై పొర ఈగలు నాలుగు జరిగాయి. ఓ గుంపు లేచి, గాల్లో చుట్టు తిరిగి, వేపచెట్టు వైపు పోయింది. కింద ఇంకో పొర ఉంది. దాని కింద ఇంకోటి ఉంది.

"ఎంతసేపు?" అంది కోటిరత్నం.

"నిదానంగా పోవాలమ్మా. తొందరపెడితే తిరగబడతయ్."

ఆమె వేపాకు విరిచి తెచ్చింది. ఇంకా విరిచి తెచ్చింది. అవతల పొగాకు బ్యారన్ల మీదుగా ఎండ పాకుతూ బడి ప్రహరీ ఎక్కింది. మంచు విడిపోయింది. రోడ్డు మీద చీమకుర్తి రాళ్ళ లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోతే, ఆ అదురుకి పట్టంతా ఒక్కసారి కదిలింది. కోటిరత్నం గేటు వైపు చూసింది. ఇంకాసేపట్లో పిల్లలు వస్తారు. దుర్గ వస్తుంది. ఈ గుమ్మంలోంచే లోపలికి నడుస్తుంది.

"పొగ పెడుతున్నారా, బాలింతకి సాంబ్రాణి వేస్తున్నారా? ఇట్టా అయితే పరీక్ష అయిపోయి పిల్లలు ఇళ్ళకి పోయినా ఇది ఇక్కడే ఉంటది!"

"అమ్మా, మీరు కాస్త అవతల కూర్చోండి," అన్నాడు సాల్మన్ పైనుంచి.

నన్నే కూర్చోమంటాడా అనుకుంది. నేరుగా వెళ్ళి మూట విప్పింది.

మూటలో తాలు కాయలున్నాయి. కల్లంలో ఎర్రకాయ ఏరగా మిగిలే తెల్లకాయ, మచ్చకాయ. ధర రాదు గానీ ఘాటులో ఎర్రకాయకి తాతలాంటిది. కోటిరత్నం దృష్టిలో మిరపకాయ చెయ్యలేని పని లేదు. పిల్లకి దిష్టి తగిలితే తిప్పి పొయ్యిలో వేస్తుంది. దొడ్లో పాము దూరితే పొగ పెడుతుంది. ధాన్యం గాదెలో ఎలుకలకీ అదే వైద్యం. మందు విషమే, ఒప్పుకుంది. మిరపకాయ తినే వస్తువాయె, దానితో పిల్లలకొచ్చే నష్టమేమిటని ఆమె లెక్క. చుట్టూ మిరపచేలే ఉన్న ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి ఆ లెక్క తప్పని తోచదు.

"వద్దమ్మా!" అన్నాడు జక్రయ్య. కానీ అతని గొంతులో పట్టు లేదు. పొద్దెక్కుతోందని అతనికీ కంగారుగానే ఉంది. నిన్న సాయంత్రం చెయ్యాల్సిన పని తనవల్లే ఆగిందని లోపల గుచ్చుకుంటోంది. చెయ్యి అడ్డం పెట్టాల్సినవాడు మాటతో సరిపెట్టాడు. కోటిరత్నం దోసిలి కాదు, చేట కాదు, మూటంతా గమేళాలో కుమ్మరించింది.

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ తర్వాత అందరికీ తెలిసింది.

ముందు ఏమీ కాలేదు. తర్వాత పసుపుపచ్చని పొగ బుస్సున లేచింది. జక్రయ్యకి పొలమారింది. కోటిరత్నానికి కళ్ళు మండిపోయాయి. పైన నిచ్చెన మీద ఉన్నవాడికి తప్పించుకునే దారి లేదు. సాల్మన్ దగ్గుతూ, కళ్ళు కనపడక, ఆసరా కోసం గోడ తడుముకున్నాడు. చేతిలో గెడ తూలింది. కొడవలి మొన పట్టులో దిగి, దాన్ని మొదలంటా చీల్చేసింది. చాటంత పట్టూ ఒక్కసారిగా ఊడి, గమేళా అంచుకి కొట్టుకుని, సగం నిప్పుల్లో, సగం కోటిరత్నం భుజం మీద పడింది.

ఆ శబ్దం ఆమె జన్మలో వినలేదు. గాలే కోపంతో అరిచినట్టుంది.

జక్రయ్య సాల్మన్‌ని నిచ్చెన మీదనుంచి లాగి, ఇద్దరూ మూడో గదిలో పడి తలుపు మూసుకున్నారు. పేరయ్య అప్పటికి బోరింగు దగ్గర ఉన్నాడు. అతను బిందె వదిలేసి ప్రహరీ దూకాడు. కోటిరత్నానికి తలుపు ఎటుందో కనిపించలేదు. ఒంటినిండా తేనె కారుతోంది. మెడ మీద, చెవి వెనక, కనురెప్పల మీద నిప్పురవ్వలు పడుతున్నట్టుంది. కొంగు తల మీదకి లాక్కుని గేటు వైపు పరుగెత్తింది. రోడ్డు దాటితే కాలువ ఉంది. నీళ్ళలో మునిగితే వదులుతాయి. అంతే ఆమె బుర్రలో ఉన్నది.

సగం దూరం వెళ్ళాక గేటు అవతల సైకిల్ బెల్లు మోగింది.

దుర్గ. నీలం పావడా, వోణీ, భుజాన సంచి, హ్యాండిల్‌కి అట్ట క్లిప్పు. స్నేహితురాళ్ళతో కలిసి ఓసారి పాఠాలు తిరగేద్దామని తొందరగా వచ్చింది. తల్లిని చూసి సైకిల్ దిగింది.

కోటిరత్నం నిలబడిపోయింది. ఈగ ఒకచోట కుడితే ఆ వాసనకి మిగతావన్నీ అదే మనిషి వెంట పడతాయని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. తాను గేటు దాటితే ఈ మందంతా తనతోపాటు గేటు దాటుతుంది. కాలువ అక్కడే కనిపిస్తోంది. కాలువకీ తనకీ మధ్య బిడ్డ ఉంది.

ఆమె వెనక్కి తిరిగింది. తిరిగి, కుట్టేవాటిని కుట్టనిస్తూ, ఏ వరండా నుంచి పారిపోయి వచ్చిందో ఆ వైపుకే నడిచింది. పరుగెత్తలేదు. పరుగెత్తితే ఇంకా రేగుతాయి. తొట్టి దగ్గర నానుతున్న గోతాం ఒకటి లాగి నెత్తిన కప్పుకుని, జెండా దిమ్మ పక్కన ముడుచుకుని కూలబడింది.

"అమ్మా!"

"రాకు! గేటు దగ్గరే ఆగు! పేరయ్యా, ఎక్కడ చచ్చావురా, పిల్లని పట్టుకో!"

పేరయ్య రోడ్డు చుట్టూ తిరిగి వచ్చి దుర్గ సైకిల్‌ని పట్టుకున్నాడు. అతన్ని ఒక్క ఈగా కుట్టలేదు. ఆ పూట ఆ ఆవరణలో అంత అదృష్టవంతుడు అతనొక్కడే.

పిల్లలు ఒక్కొక్కరే చేరుకున్నారు. హనుమాయమ్మగారు ఆటో దిగి, లోపలి సంగతి చూసింది. తర్వాత అందరినీ రోడ్డు అవతల కట్టెలు కోసే మిషను షెడ్డులోకి తోలింది. పరీక్ష ఆపే అధికారం ఆవిడకి లేదు. ప్రశ్నపత్రాల పెట్టె అప్పటికే పోలీసుతో సహా వచ్చేసింది.

దారి చూపింది గదిలో ఇరుక్కున్న జక్రయ్యే. గదికీ గదికీ మధ్య లోపల తలుపులున్నాయి, మూడో గదికైతే వెనకవైపు కూడా ఓ పాత తలుపుంది. ఎన్నేళ్ళనుంచో మేకులు కొట్టి మూసేశారు. లోపలినుంచి సుత్తి దెబ్బలు వినిపించాయి. తుప్పు పట్టిన బందులు ఊడి తలుపు వెనక్కి పడింది. అటువైపు ప్రహరీ కొంత కూలి సందుగా ఉంది. ఈగలన్నీ ముందు వరండాలో, పడిపోయిన పట్టు చుట్టూ, జెండా దిమ్మ చుట్టూ ఉన్నాయి. వెనకవైపు ఒకటీ అరా తిరుగుతున్నాయి, అంతే.

"వోణీలు, తువ్వాళ్ళు నెత్తిన వేసుకోండి. మాట్లాడకుండా, పరుగెత్తకుండా నడవండి," అని హనుమాయమ్మగారు పిల్లల్ని వరసలో నిలబెట్టింది. పేరయ్య ముందు నిలబడ్డాడు.

ఆ వరసలో నీలం పావడా చేరడం కోటిరత్నం గోతాం అంచు కిందనుంచి చూసింది. ఒక కన్ను అప్పటికే మూసుకుపోయింది. రెండోది సన్నగా తెరుచుకుని ఉంది.

ఆమె లేచి నిలబడింది. ఆమెతో పాటు ఈగలూ లేచాయి.

"దుర్గా! ఆ వరసలోంచి ఇవతలికి రా!"

"అమ్మా, వెనకవైపు ఏం లేవు. నేను చూశాను."

"ఒకటుంటే చాలదూ నీకు?"

పేరయ్య షెడ్డులోంచి కాయల మీద కప్పే పరదా లాక్కొచ్చాడు. "ఇది కప్పి నేనెత్తుకెళ్తానమ్మా. నన్నేమీ కుట్టలేదు, నా దగ్గర వాసన లేదు. గాలి కూడా చొరదు దీంట్లోకి."

ఆ పరదా మడతలో ఒకటి దూరి ఉంటే? లోపల గదిలో, జక్రయ్య చొక్కాకి, సాల్మన్ దుప్పటికి అంటుకుని ఒకటి ఉంటే? తలుపులు మూసిన గదిలో పిల్ల ఊపిరి ఈల వేయడం మొదలుపెడితే, నంబర్లు, సీళ్ళు, పోలీసులు దాటుకుని ఎవరు బయటికి తెస్తారు? గుంటూరు ఎంత దూరం? ఆమెకి ఇవన్నీ ఒక్కసారే కళ్ళముందు కదిలాయి. నిరుడు ట్రాక్టరు తొట్టిలో తన ఒళ్ళో పడుకున్న ఆ ముఖం, అది తన కూతురిదని గుర్తుపట్టలేని ఆ ముఖం, అన్నిటికంటే ముందు కదిలింది.

"కోటిరత్నం గారూ," అంది హనుమాయమ్మగారు ప్రహరీ అవతలినుంచి, "జాగ్రత్తగా తీసుకెళ్తాం. ఏడాదంతా కష్టపడింది. అన్యాయం చెయ్యకండి."

"మీ బిడ్డయితే పంపుతారా మేడం?"

ఆవిడకి అబద్ధం చెప్పడం ఇష్టంలేదు. "నాకు తెలీదమ్మా," అంది. "కానీ రాయాల్సింది మీరూ నేనూ కాదు. దాన్ని అడగండి."

"నేను వెళ్తానమ్మా," అంది దుర్గ. తల్లి గొంతులో సగం దానికీ వచ్చింది. "కుడితే కుట్టనీ. రెండోసారి కూడా ఇంట్లో కూర్చోలేను. నా వల్ల కాదు." అంటూనే సందు వైపు అడుగువేసింది.

అప్పుడు కోటిరత్నం చేసిన పని, చూసినవాళ్ళు ఇప్పటికీ రెండు రకాలుగా చెప్పుకుంటారు. నెత్తిమీది గోతాం తీసి కింద పారేసింది. ఈగలు ముసురుతుంటే అలాగే, దిమ్మ దాటి, బడి పక్కగా ఆ సందు వైపు నడవసాగింది.

"ఇంకో అడుగు వేశావంటే నేనూ అక్కడికే వస్తాను. ఇవన్నీ నాతోనే వస్తాయి. ఆలోచించుకో."

వరసలో ఆడపిల్లలు కెవ్వుమన్నారు. ఎవడో వెనక్కి పరుగు తీయబోయాడు. "పిచ్చిగానీ పట్టిందా నీకు?" అని రోడ్డు మీద ఎవరో అరిచారు. కోటిరత్నం ఆగలేదు. ఇంకో అడుగు వేసింది. పెదాలు వాచి మాట ముద్దగా వస్తోంది. అయినా ఆ ముఖం చూస్తే బెదిరింపని ఎవరూ అనుకోరు. నిజంగానే వస్తుంది.

దుర్గ ముందున్న పిల్లల్ని చూసింది. వెనకున్న పిల్లల్ని చూసింది. హనుమాయమ్మగారి వైపు చూసింది. ఆవిడ కళ్ళు దించుకుంది. "నువ్వాగు తల్లీ," అంది నెమ్మదిగా.

దుర్గ వరసలోంచి ఇవతలికి వచ్చేసింది. తిరిగి నడిచి రోడ్డు దాటి, కల్వర్టు గోడ మీద కూర్చుంది. కోటిరత్నం అక్కడికక్కడే ఆగి, మళ్ళీ దిమ్మ దగ్గరికి నడిచింది. వరస కదిలింది. ఒక్కొక్కరే సందులో వంగి లోపలికి పోయారు. గంట కొట్టారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం తలుపు ఇంకాసేపు తీసే ఉంచారు. ఆ కాసేపూ దుర్గ అట్ట ఒళ్ళో పెట్టుకుని, హాల్ టికెట్ చేత్తో పట్టుకుని, ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. పక్కన పేరయ్య పరదా మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్ళీ పెట్టాడు.

తర్వాత జక్రయ్య తలుపుకి అడ్డంగా బల్ల పెట్టి మూసేశాడు.

ఎండ ముదిరేకొద్దీ ఈగల పొగరు తగ్గింది. రాణి ఈగ ఎటు పోయిందో, అన్నీ గుంపుగా లేచి వేపచెట్టు చిటారుకొమ్మకి వేలాడాయి. కాసేపటికి అక్కడినుంచి కూడా లేచి, ఒక నల్లటి చారలా పత్తిచేల మీదుగా పడమరకి పోయాయి. అప్పుడు జక్రయ్య బయటికి వచ్చాడు. కోటిరత్నాన్ని నీడకి నడిపించి, ముఖం మీద, మెడ మీద దిగిన ముళ్ళని బొటనవేలి గోరుతో ఒక్కోటే గీకి తీశాడు. అతని చెంపలు కూడా బూరెల్లా వాచి ఉన్నాయి. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి సూది వేసి, పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. పిల్ల సంగతి తేలందే కదలనంది.

"తప్పు నాదమ్మా," అన్నాడు జక్రయ్య. "నిన్న సాయంత్రమే చెయ్యాల్సింది."

"కాయలు నువ్వు తెచ్చావా?" అంది ఆమె.

పరీక్ష వదిలారు. పిల్లలు బిలబిలమంటూ బయటికి వచ్చారు. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. గదిలోకి చేరిన మిరపకాయ ఘాటుకి పొద్దంతా దగ్గుతూనే రాశారట. దుర్గకి నోట్సు ఇచ్చిన శ్రీదివ్య, వరసకి కోటిరత్నానికి చెల్లెలి కూతురు, ముక్కు తుడుచుకుంటూ అటుగా వచ్చింది.

కోటిరత్నానికి ఇప్పుడు రెండు కళ్ళూ మూసుకుపోయాయి. అడుగుల చప్పుడుకి తల ఎత్తింది.

"ఎవరది?"

"నేను పెద్దమ్మా, దివ్యని."

"ఎవరినన్నా కుట్టాయా లోపల?"

"లేదు పెద్దమ్మా. ఒక్కటి కూడా లోపలికి రాలేదు."

"సందులో వెళ్ళేటప్పుడు?"

"ఎవర్నీ కుట్టలేదు."

ఎంత పాపిష్ఠి కోరికో కోటిరత్నానికి తెలుసు, అయినా ఆ క్షణాన ఎవరో ఒకరిని, ఒక్కరినైనా, ఒక్కటైనా కుట్టి ఉంటే బాగుండునని మనసారా కోరుకుంది. కుట్టి ఉంటే తాను చేసింది తల్లి పని అయ్యేది. ఇప్పుడు అది ఏమిటో ఆమెకి పేరు తెలియలేదు. మూసుకుపోయిన కళ్ళలోంచి నీళ్ళు రావడానికి కూడా దారి లేక లోపలే మండాయి.

కల్వర్టు గోడ దిగి దుర్గ వచ్చింది. శ్రీదివ్య చేతిలోని ప్రశ్నపత్రం అడిగి తీసుకుంది. నిలబడే మొదటినుంచి చివరిదాకా చదివింది. కాగితం తిప్పిన చప్పుడు కోటిరత్నానికి వినిపించింది.

"వచ్చినవేనా?" అంది తల్లి.

"అన్నీ వచ్చినవే."

పత్రం తిరిగి ఇచ్చేసింది. సైకిల్ స్టాండు తీసి తల్లి దగ్గరికి నడిపించుకొచ్చింది. కోటిరత్నం గోడకి ఆనుకుంటూ పక్కకి జరిగింది. "దగ్గరికి రాకు. బట్టల్లో ఏమైనా ఉన్నాయేమో."

"రాను. వెనక క్యారియర్ పట్టుకో."

దుర్గ ముందు హ్యాండిల్ పట్టుకుంది. కోటిరత్నం తడుముకుని క్యారియర్ పట్టుకుంది. మధ్యలో సైకిల్ పొడుగంత దూరం ఉంచుకుని ఇద్దరూ రోడ్డెక్కారు. పక్కన కల్లాల్లో కాయ ఏరుతున్న ఆడవాళ్ళు చేతులాపి చూశారు. పొద్దున ఆ గొంతు విన్నవాళ్ళే, ఇప్పుడు ఒక్కరూ పలకరించలేదు.

"కుట్టి ఉంటే?" అంది కోటిరత్నం. గట్టిగా అనలేదు. "కుట్టి ఉంటే నేనేం చేసేదాన్నే?"

"కుట్టలేదుగా అమ్మా."

ఇంకేమైనా అంటుందేమోనని కోటిరత్నం చెవి ఒగ్గింది. తిడుతుందేమో, తిడితే బాగుండు. చక్రం తిరిగే చప్పుడు, అట్ట క్లిప్పు హ్యాండిల్‌కి తగిలే చప్పుడు, అంతే. రామాలయం మలుపు దాటేదాకా అలాగే నడిచారు.

"అక్కడ గుంటుంది," అంది దుర్గ, వెనక్కి తిరక్కుండానే. "అడుగు పెద్దదెయ్యి."

కోటిరత్నం అడుగు పెద్దది వేసింది.